పాత ఇల్లు, పాత ప్లాటు అమ్మితే పన్ను: 12.5 శాతమా, 20 శాతమా? ఏది మేలు?

కొత్తపేటలోని మా పాత ఫ్లాటును 2025లో అమ్మాం. అప్పటి నుంచి బంధువులు, పాత ఆఫీసు మిత్రులు ఒకటే అడుగుతున్నారు: "పన్ను ఏ లెక్కన కట్టారు?" 12.5 చిన్న అంకె కాబట్టి అదే లాభమని చాలామంది ముందే తేల్చుకుని ఉంటారు. నాకు మాత్రం 20 శాతం లెక్కలోనే మూడు లక్షలు మిగిలాయి. మా బావమరిది ప్లాటుకు సరిగ్గా దీనికి ఎదురు జరిగింది. రెండు లెక్కలూ పక్కపక్కన పెడితే ఎందుకో తెలుస్తుంది.

2024 జులై 23కు ముందు కొన్న ఇల్లు, స్థలం అయితేనే ఈ రెండు దారులు. తర్వాత కొన్నవాటికి 12.5 ఒక్కటే. కొని రెండేళ్లు దాటకపోతే లాభం మామూలు ఆదాయంలో కలిసిపోతుంది. 12.5 లెక్కలో, అమ్మిన ధరలోంచి కొన్న ధరను ఉన్నదున్నట్టు తీసేస్తారు. 20 లెక్కలో, కొన్న ధరను ఇండెక్సేషన్‌తో, అంటే ధరల పెరుగుదలను బట్టి ప్రభుత్వం ఏటా ప్రకటించే సూచీ ప్రకారం, పెంచి తీసేస్తారు. సెస్సు రెండింటికీ ఒకటే కాబట్టి కింది లెక్కల్లో కలపలేదు.

మా ఫ్లాటు 2010లో రిజిస్ట్రేషన్ ఖర్చులతో కలిపి 24 లక్షలు పడింది. 62 లక్షలకు అమ్మాం. 12.5 లెక్కన లాభం 38 లక్షలు, పన్ను 4 లక్షల 75 వేలు. ఇక రెండోది: 2010-11 సూచీ 167, 2025-26 సూచీ 376. ఆ ప్రకారం మా 24 లక్షలు 54 లక్షల పైచిలుకు అయింది. లాభం 8 లక్షల లోపే, పన్ను దాదాపు లక్షా 60 వేలు. పదిహేనేళ్లలో మా ఫ్లాటు ధర పెరిగిందని మురిసిపోయాం కానీ, అందులో ఎక్కువ భాగం రూపాయి విలువ తగ్గినందువల్ల వచ్చిందే. దాన్ని కూడా లాభంగా లెక్కగట్టి పన్ను వేయడం నాకు న్యాయంగా అనిపించదు. అందుకే నా మొగ్గు ఇండెక్సేషన్ వైపే.

అయితే అది అందరికీ పనికిరాదు. 2025-26లో అమ్మినవాళ్ల కోసం హద్దు ఎక్కడుందో లెక్కవేసి చూశాను. అమ్మిన ధర కొన్న ధరకు ఎన్ని రెట్లో చూస్తే, 2001-02లో కొన్న ఆస్తి సుమారు 8.4 రెట్ల లోపు, 2010-11లో కొన్నది సుమారు 4.3 రెట్ల లోపు, 2015-16లో కొన్నది 2.3 రెట్ల లోపు, 2020-21లో కొన్నది 1.66 రెట్ల లోపు ఉంటే 20 శాతమే మేలు. అంతకు మించి పెరిగితే 12.5 మేలు. ఏడాదికి ఇంత అని చూస్తే ఈ హద్దు ఎనిమిదిన్నర నుంచి పదకొండు శాతం మధ్య పడుతోంది. అపార్ట్‌మెంట్ ఫ్లాట్లు ఏళ్ల తరబడి ఆ వేగంతో పెరగడం అరుదు. ఊరి చివరి ప్లాట్లు, రోడ్డు పడిన పొలాలు పెరుగుతాయి.

ఇక మా బావమరిది సంగతి. నా దృష్టిలో అసలు విషయం ఇక్కడే ఉంది. 2008 జులైలో శంకర్‌పల్లి దగ్గర 200 గజాలు కొన్నాడు. ఇచ్చింది 10 లక్షలు, దస్తావేజులో రాసింది 3 లక్షలు. అప్పట్లో మా చుట్టూ చాలామంది అలాగే చేశారు, రిజిస్ట్రేషన్ ఖర్చు తగ్గిందని సంతోషించారు. ఇప్పుడు 45 లక్షలకు అమ్మాడు. కొన్నాయన బ్యాంకు లోన్ మీద కొన్నాడు కాబట్టి ఈసారి పూర్తి ధర కాగితం మీదకి వచ్చింది. కొన్న ధర 3 లక్షలే కావడంతో 12.5 లెక్కన పన్ను 5 లక్షల 25 వేలు, 20 లెక్కన 7 లక్షల 35 వేలు. 12.5 శాతమే ఎంచుకున్నాడు, వేరే దారి లేదు. నిజంగా ఇచ్చిన 10 లక్షలు దస్తావేజులో ఉంటే? ఇండెక్సేషన్‌తో అది 27 లక్షల 44 వేలు అయ్యేది, 20 లెక్కన పన్ను మూడున్నర లక్షలతో పోయేది. అంటే, ఆ రోజు దాచిన 7 లక్షలకు ఈ రోజు లక్షా 74 వేలు అదనంగా కట్టాడు.

కాబట్టి ఎవరైనా నన్ను అడిగితే మొదట రేటు సంగతి ఎత్తను. "మీ దస్తావేజు తీయండి, అందులో ధర ఎంతుందో చూడండి" అంటాను. చేతిలో నగదుగా ఇచ్చిన సొమ్ముకు రసీదు, బ్యాంకు ఆధారం ఏవీ లేకపోతే ఆఫీసరు ముందు అది కొన్న ధర కాదు. స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు, బిల్లులతో సహా ఉన్న ప్రహరీ ఖర్చు మాత్రం కలుపుకోవచ్చు. అమ్మేటప్పుడు ఏజెంటుకు ఇచ్చిన కమిషన్ కూడా తీసేయవచ్చు. ఇప్పుడు కొంటున్నవాళ్లకు నా మనవి ఒకటే: పూర్తి ధర రాయించండి. 20 వేలు, ఆపైన అడ్వాన్సు నగదుగా తీసుకుంటే అమ్మినవాళ్లకు అంతే మొత్తం జరిమానా పడే నిబంధన కూడా ఉంది. దస్తావేజులో ప్రభుత్వ రిజిస్ట్రేషన్ విలువ కన్నా తక్కువ రాస్తే, తేడా పది శాతం దాటాక, ప్రభుత్వ విలువనే అమ్మినవాళ్ల అమ్మకం ధరగా తీసుకుంటారు.

20 లెక్కలో ఒక పరిమితి ఉంది. ఇండెక్సేషన్‌తో నష్టం తేలితే పన్ను సున్నా అవుతుంది, అంతే. ఆ నష్టాన్ని ఇంకో లాభంలో సర్దుకోవడం, ముందుకు తీసుకెళ్లడం కుదరదు.

లాభాన్ని మళ్లీ ఇల్లు కొనడంలో పెట్టేవాళ్లకు, ఆరు నెలల్లో 50 లక్షల దాకా పన్ను మినహాయింపు బాండ్లు కొనేవాళ్లకు ఈ పోలికతో అంత పని ఉండదు. బాండ్లలో డబ్బు ఐదేళ్లు కదలదు, వడ్డీ తక్కువ. నేనైతే వాటి జోలికి పోలేదు.

అమెరికా, గల్ఫ్‌లలో ఉండే మనవాళ్లు కూడా అడుగుతున్నారు. ఎన్నారైలకు 20 శాతం ఎంపిక లేదు, 12.5 మాత్రమే. వాళ్ల దగ్గర కొనేవాళ్లు 50 లక్షలు, ఆపైన ధర ఉన్నప్పుడు కోసే ఒక్క శాతం టీడీఎస్‌తో (చెల్లించే ధరలోంచి ముందే కోసి కట్టే పన్ను) సరిపెట్టకూడదు, ఎక్కువ కోయాలి. అమ్మేవాళ్లు ముందే తక్కువ కోతకు సర్టిఫికెట్ తెచ్చుకుంటే డబ్బు ఇరుక్కుపోదు.

తాతల నాటి ఇళ్ల విషయం కొంత వేరు. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నవాటికి అసలు ధరకు బదులు ఆ రోజున్న మార్కెట్ విలువ తీసుకోవచ్చు. కాకపోతే అది ఆనాటి రిజిస్ట్రేషన్ విలువను మించకూడదు. రెండు లెక్కలకూ ఇది వర్తిస్తుంది. తండ్రి నుంచి వారసత్వంగా వచ్చిందైతే ఆయన కొన్న ధరే మీ ధర. 2001 నాటి రిజిస్ట్రేషన్ విలువ కోసం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్వే నంబరు, పాత ఇంటి నంబరు రాసి అర్జీ పెట్టుకోవాలి. రిటర్ను గడువు దాకా ఆగకుండా, బేరం కుదిరిన వారమే ఆ పని మొదలుపెట్టండి.