రెండో పెళ్లికి ముందు ఆస్తుల కాగితాలు: విశాఖపట్నం సిరిపురంలో ఒక న్యాయవాది గారి దగ్గర మా అనుభవం

వచ్చే మాఘంలో నాకు రెండో పెళ్లి. మొదటి భర్త ఐదేళ్ల క్రితం గుండెపోటుతో పోయారు. మాకు తొమ్మిదేళ్ల పాప ఉంది. మధురవాడలో ఆయన కొన్న ఫ్లాటు, ద్వారకానగర్‌లో నేను నడుపుతున్న చిన్న మెడికల్ ల్యాబ్, కొన్ని డిపాజిట్లు, బంగారం, ఇవీ నా ఆస్తులు. నేను చేసుకోబోయే ఆయనకు గాజువాకలో నాలుగు లారీలతో రవాణా వ్యాపారం, బ్యాంకు అప్పు ఇంకా తీరని ఒక ఇల్లు ఉన్నాయి. ఎవరి ఆస్తి ఎవరిదో పెళ్లికి ముందే రాసుకుంటే రేపు పాపకు ఇబ్బంది ఉండదని మేమిద్దరం అనుకున్నాం. అమెరికాలో ఉంటున్న ఆయన అన్నయ్య, అక్కడ అందరూ ప్రీనప్ (విడిపోతే ఎవరి ఆస్తి ఎవరికో పెళ్లికి ముందే రాసుకునే ఒప్పందం) రాసుకుంటారని, మీరూ అలాగే చేయండని చెప్పారు. ఆ పని కోసం తిరిగి తిరిగి చివరకు సిరిపురంలోని ఒక మహిళా న్యాయవాది గారి కార్యాలయానికి చేరాం. న్యాయవాదులు ప్రచారం చేసుకోకూడదన్న బార్ కౌన్సిల్ నియమాన్ని గుర్తుచేసి తన పేరు రాయవద్దని ఆవిడ కోరారు కనుక పేరు రాయడం లేదు. అక్కడ జరిగిన పని గురించి మాత్రం, ముఖ్యంగా నాలాంటి స్త్రీల కోసం, వివరంగా రాస్తున్నాను.

అంతకు ముందు ఒక చోట మేము మోసపోయాం. పెళ్లి ఒప్పందాలు రాసిపెడతామని చెప్పుకునే ఆ చోట 6,500 రూపాయలు తీసుకుని, 100 రూపాయల స్టాంపు కాగితం జతచేసిన పదకొండు పేజీల ఇంగ్లీషు ఒప్పందం చేతిలో పెట్టారు. సిరిపురంలో మేడమ్ గారు దాన్ని మా ముందే మొదటి నుంచి చదివి, తొమ్మిదో పేజీలో వేలు పెట్టి ఆపారు. ఈ ఒప్పందానికి కాలిఫోర్నియా రాష్ట్ర చట్టాలు వర్తిస్తాయని అక్కడ అచ్చయి ఉంది. ఎవరి ఒప్పందాన్నో తెచ్చి పేర్లు మార్చి ఇచ్చారని అప్పుడు తెలిసింది. డబ్బు పోయినందుకు కాదు, ఆ కాగితాన్ని నమ్ముకుని పెళ్లి పీటల మీద కూర్చుని ఉండేదాన్ని కదా అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మేడమ్ గారు మొదటి గంటలోనే విషయం స్పష్టంగా చెప్పారు. హిందూ వివాహ చట్టం 1955లో ఇలాంటి ఒప్పందానికి చోటు లేదు. ప్రజా విధానానికి విరుద్ధమైన ఒప్పందాలు చెల్లవని 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 23వ సెక్షన్ చెబుతుంది. భవిష్యత్తులో విడిపోతే ఏం చేయాలో పెళ్లికి ముందే రాసుకున్న ఒప్పందాలను మన కోర్టులు చాలాకాలంగా ఆ దృష్టితోనే చూస్తున్నాయి. భరణం అడగనని ముందుగా రాసిచ్చినా ఆ మాట నిలవదు. దేశంలో గోవా దీనికి భిన్నం: పోర్చుగీసు వారి 1867 నాటి సివిల్ కోడ్ అక్కడ ఇంకా అమల్లో ఉండడం వల్ల, పెళ్లికి ముందే దంపతులు తమ ఆస్తులు కలిసి ఉండాలో విడిగా ఉండాలో రాతపూర్వకంగా ఎంచుకోవచ్చు.

ఆ వెంటనే ఆవిడ చెప్పిన మాట మా ఆలోచననే మార్చింది. మన దగ్గర పెళ్లి చేసుకున్నంత మాత్రాన భార్య ఆస్తి భర్తది కాదు, భర్త ఆస్తి భార్యది కాదు. ఎవరి పేరున ఉన్నది వారిదే. కాబట్టి మీరు భయపడవలసింది పెళ్లికి కాదమ్మా, వీలునామా లేకుండా పోవడానికి, చదవకుండా పెట్టే సంతకానికి, కలిసిపోయిన డబ్బుకు, లెక్క రాయని బంగారానికి అన్నారు. ఆ తర్వాత రెండు నెలల పాటు మా పని అంతా ఈ నాలుగింటి చుట్టూనే తిరిగింది.

అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టింది ఫ్లాటుకే. మళ్లీ పెళ్లి చేసుకుంటే మొదటి భర్త ఆస్తి వదులుకోవాల్సిందేనని మా చుట్టాల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ అంటూ ఉంటారు. ఈ మాట పూర్తిగా పుట్టించింది కాదని, 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టంలో అలాంటి నిబంధన నిజంగానే ఉండేదని మేడమ్ గారు చెప్పారు. 1881 డిసెంబరులో రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించిన నాటికి అమల్లో ఉన్నది ఆ చట్టమే. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంతో పరిస్థితి మారింది, 1983లో పాత చట్టాన్నే రద్దు చేశారు. భర్త చనిపోయిన రోజున భార్యకు సంక్రమించిన వాటా ఆమె మళ్లీ పెళ్లి చేసుకున్నా పోదని సుప్రీంకోర్టు 2008లో తీర్పు కూడా ఇచ్చింది. ఐదేళ్లుగా నా గుండెల మీద ఉన్న బరువు ఆ పది నిమిషాల్లో దిగిపోయింది.

అయితే ఫ్లాటు మొత్తం నాదని నేను అనుకోవడం కూడా పొరపాటేనని అదే రోజు తెలిసింది. ఆయన వీలునామా రాయకుండా పోయారు కనుక భార్యగా నాకు, కూతురుగా పాపకు, తల్లిగా మా అత్తయ్యకు తలా మూడో వంతు. విజయనగరంలో ఉంటున్న అత్తయ్యకు ఈ సంగతి ఎలా చెప్పాలో తెలియక వారం రోజులు తాత్సారం చేశాను. వాటా వదులుకుంటున్నట్టు ఆవిడ చేత తొందరపడి సంతకం పెట్టించవద్దని, ముందు ఆవిడకు తన హక్కు ఏమిటో తెలియాలని మేడమ్ గారు గట్టిగా చెప్పారు. ఆవిడే ఫోన్లో అత్తయ్యతో అరగంట మాట్లాడారు. అంతా విన్నాక అత్తయ్య అన్న మాట ఇది: "నాకెందుకే తల్లీ ఈ వయసులో వాటాలు, పిల్లదాని పేర రాయించీ." మధురవాడ సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో దాన దస్తావేజు రిజిస్టర్ అయిన రోజున, ఏళ్ల తరబడి అంట్లు తోమి అరిగిపోయిన ఆవిడ బొటనవేలి ముద్ర యంత్రానికి అందలేదు. గుమస్తా గారు తడి గుడ్డతో వేలు తుడిచి, ఊది, నాలుగోసారి పెట్టించాక పడింది. పాప తరఫున అంగీకార సంతకం నేను పెట్టాను.

ఈ విధంగా ఫ్లాటులో మూడింట రెండు వంతులు పాపవి అయ్యాయి. మైనరు స్థిరాస్తిని కోర్టు అనుమతి లేకుండా అమ్మడానికి గాని, తాకట్టు పెట్టడానికి గాని కన్నతల్లికైనా అధికారం లేదని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలోని 8వ సెక్షన్ చెబుతుంది. రేపు వ్యాపారంలో ఎంత ఇబ్బంది వచ్చినా ఆ ఫ్లాటు బ్యాంకు దాకా వెళ్లే దారి మూసుకుపోయింది. ఈ మాట విని ముందుగా సంతోషించింది నేను చేసుకోబోయే ఆయనే.

మిగిలిన నా మూడో వంతుకు, ల్యాబుకు, డిపాజిట్లకు వీలునామా రాయించారు. అది లేకుండా నేను పోతే నా ఆస్తి పాపకూ కొత్త భర్తకూ సమానంగా చెందుతుంది. డిపాజిట్లకు పాప పేరు నామినీగా ఉంది కదా, చాలదా అని అడిగాను. నామినీ డబ్బు తీసుకునే మనిషే తప్ప అందువల్ల హక్కుదారు కాదన్నారు. పాపకు సంరక్షకురాలిగా మా చెల్లెలి పేరు అందులోనే పెట్టించారు. వీలునామాలో తాను ఉండనక్కరలేదని ఆయన అన్నా, ల్యాబు యంత్రాల మీద కొంత భాగం ఆయనకు రాశాను, ఎందుకంటే వాటి అప్పు తీర్చడంలో ఆయన సాయం ఉండబోతోంది. హిందువుల వీలునామా పెళ్లి వల్ల రద్దు కాదు కాబట్టి పెళ్లికి ముందే పూర్తిచేశాం. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించాం.

హామీ సంతకాల సంగతి నేను ఊహించనిది. లారీ ఫైనాన్సు తీసుకునేటప్పుడు భార్యను హామీదారుగా సంతకం పెట్టమనడం మామూలే. కాంట్రాక్టు చట్టంలోని 128వ సెక్షన్ ప్రకారం హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవారి బాధ్యతతో సమానం. మేడమ్ గారు ఆయన వైపు తిరిగి, ఈవిడను ఆ సంతకం అడగనని నాకు మాటివ్వండి అన్నారు. చట్టం ఆ మాటను నిలబెట్టలేదని, కనీసం ఈవిడను ఏం అడుగుతున్నారో మీకు తెలియాలని చెప్పారు. ఆయన కాసేపు ఆలోచించి, పాత లారీ ఒకటి అమ్మి కొత్త అప్పు తగ్గించుకుంటానన్నారు. వివాహిత స్త్రీల ఆస్తి చట్టం 1874లోని 6వ సెక్షన్ కింద పెళ్లయ్యాక ఆయన ఒక జీవిత బీమా తీసుకుంటారు. ఆ సొమ్ము భార్యాబిడ్డల కోసం ట్రస్టుగా ఉంటుంది కనుక అప్పులవాళ్లకు అందదు.

బంగారం విషయంలో ఆవిడ పట్టుదల మొదట నాకు అతిగా అనిపించింది, ఇప్పుడు మాత్రం అన్ని పనుల్లోనూ అదే నాకు నచ్చింది. పెళ్లిలో ఇచ్చే కానుకల జాబితా రాసి వధూవరులు సంతకం చేయాలని 1985 నాటి వరకట్న నిషేధ నియమాలు చెబుతున్నాయి. అయినా నాకు తెలిసి ఏ పెళ్లిలోనూ ఆ పని చేయగా చూడలేదు. మా అమ్మ కాసులపేరు, నల్లపూసలు, మొదటి పెళ్లి నాటి వడ్డాణం, పాప గొలుసు, అన్నీ తూకం వేయించి, ఫోటో తీయించి, ఎవరిచ్చారో పక్కన రాయించారు. వడ్డాణం ఎదురుగా "తండ్రి ఇచ్చినది" అని రాస్తున్నప్పుడు మా నాన్నగారి ముఖం చూసి, అప్పటిదాకా ఈ కాగితాల పనిని అపశకునమని విసుక్కున్న మనిషి ఎందుకు ఊరుకున్నారో అర్థమైంది.

ఇక మేము మొదట కోరిన ఒప్పందం స్థానంలో నాలుగు పేజీల ఆస్తుల వెల్లడి పత్రం రాశారు. ఎవరి పేరున ఏముందో, ఎంత అప్పుందో ఉన్నది ఉన్నట్టు రాసి, ఇద్దరం సంతకం చేశాం. ఇది దేన్నీ పంచదు, పెళ్లి నాటికి ఎవరి దగ్గర ఏముందో చెప్పే సాక్ష్యం మాత్రమే. ఆయనను వేరే న్యాయవాదికి చూపించుకోమని మేడమ్ గారే పంపించారు, ఆ న్యాయవాది చెప్పిన రెండు సవరణలను ఒప్పుకున్నారు కూడా.

లోటుపాట్లు ఉన్నాయి. మొదటి రోజు 2,000 తీసుకున్నారు గాని మొత్తం ఎంతవుతుందో రాసివ్వలేదు. అడిగిన ప్రతిసారి ఒక్కో పనికి ఒక్కో లెక్క చెప్పారు. చివరికి స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు కాక 38,000 అయింది. చేసిన పనికి ఎక్కువ కాదు, ముందే తెలిసి ఉంటే బాగుండేది. ముసాయిదాలన్నీ ఇంగ్లీషులోనే వచ్చాయి. అత్తయ్య సంతకం పెట్టే దస్తావేజు తెలుగులో కావాలని పట్టుబట్టాక పది రోజులు పట్టింది, అదీ దస్తావేజు లేఖరి "సదరు", "మజ్కూరు" లాంటి పాత దస్తావేజు మాటలతో నింపి ఇచ్చారు. మేడమ్ గారు దాన్ని అత్తయ్యకు మామూలు మాటల్లో చదివి వినిపించాకే ముద్ర వేయించారు కనుక అంతటితో ఊరుకున్నాను. కార్యాలయం రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్లేవారు ముందుగా చెబితే ఆవిడ కింద కారులోకి వచ్చి మాట్లాడతారు, మా అత్తయ్యకు అలాగే చేశారు.

సాయంత్రం ఆరు తర్వాత వెళ్లడం మంచిది, పగలు కోర్టులో ఉంటారు. దస్తావేజులు, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే ధ్రువపత్రం), అప్పు వివరాలు, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం మొదటి రోజే తీసుకెళ్తే ఒక విడత తిరుగుడు తప్పుతుంది. మాకు ఇంకా ఒక్క పని మిగిలింది. పెళ్లి రోజున కానుకల జాబితా కింద ఇద్దరం సంతకాలు పెట్టాలి, ఆ కాగితాన్ని మంగళసూత్రం పెట్టెతో పాటు తీసుకురావడం నాన్నగారు తన పని అన్నారు.