కేవీకే సెర్చ్: కౌంటర్‌లో కూర్చుని ఎనిమిదేళ్లు వాడాక

పోయిన సెమిస్టర్‌లో ఒక హిస్టరీ స్కాలర్ వచ్చి, "మేడమ్, కృష్ణా జిల్లా పాత మాన్యువల్ ఎక్కడా దొరకట్లేదండీ" అన్నాడు. గోర్డన్ మెకంజీ మద్రాసు ప్రభుత్వం కోసం కూర్చగా 1883లో అచ్చయిన జిల్లా వివరాల పుస్తకం అది. మా లైబ్రరీలో లేదు. ఇంగ్లిష్‌లో 'కృష్ణా డిస్ట్రిక్ట్' అని కొట్టి నాలుగు సైట్లు గాలించాడట. నేను చాలా లైబ్రరీల కేటలాగులని ఒకేసారి వెతికే కేవీకే సైట్ తెరిచి 'కిస్ట్నా' అని కొట్టాను. దొరల రాతలో కృష్ణ కిస్ట్నాయే, పుస్తకం పేరులో ఉన్నదీ అదే. రెండు మూడు కేటలాగుల నుంచి ఎంట్రీలు వచ్చేశాయి. ఆ వివరాలు పట్టుకుని స్కాన్ కాపీ అతనే వెతుక్కున్నాడు.

కేవీకే అంటే మనవాళ్లకి కృషి విజ్ఞాన కేంద్రం గుర్తొస్తుంది. ఇది వేరు. జర్మనీలోని కార్ల్స్‌రూయే యూనివర్సిటీ లైబ్రరీ 1996లో మొదలుపెట్టిన వర్చువల్ కేటలాగ్. దీనికి సొంత డేటాబేస్ లేదు. మనం టిక్కు పెట్టిన కేటలాగులన్నిటినీ ఒకేసారి అడిగి, ఎవరి జవాబు వాళ్ల పేరు కిందే చూపిస్తుంది. నొక్కితే ఆ లైబ్రరీ పేజీకే పోతాం. ప్రపంచ లైబ్రరీల ఉమ్మడి కేటలాగ్ వరల్డ్‌క్యాట్ తీరు వేరు, అక్కడ లైబ్రరీలు తమ రికార్డులు ముందే ఒకచోట చేరుస్తాయి. కేవీకేకి లాగిన్ అక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు. తెరవగానే జర్మన్ కేటలాగులకి టిక్కులు ఉంటాయి. అవి తీసేసి అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ లాంటివి పెట్టుకోవడం నాకు అలవాటైపోయింది.

తెలుగు పుస్తకాల దగ్గరే అసలు తంటా. అమెరికా లైబ్రరీలు మన పేర్లని రోమన్ లిపిలోకి మార్చడానికి ఒక పద్ధతి పెట్టుకున్నాయి. మనం ఫోన్‌లో టైపు చేసే తెలుగు అందులో పనికిరాదు. 'చరిత్ర'కి మనం సి, హెచ్ కొడతాం, వాళ్లు ఒక్క సి రాస్తారు. 'సరస్వతి'లో మనం డబ్ల్యూ పెడతాం, చివర టి పక్కన హెచ్ తగిలిస్తాం. వాళ్లకి వి, ఉత్త టి. 'విజ్ఞానం' మన చేతిలో జి, ఎన్ అవుతుంది, అక్కడ జె, ఎన్. ఒక్క అక్షరం తేడాకి పది కేటలాగులూ కలిసికట్టుగా సున్నా చూపిస్తాయి. ఒక్కో కేటలాగ్ విడిగా వెతికే రోజుల్లో ఈ తప్పు పదిసార్లు చేసేదాన్ని. ఇప్పుడు ఒక్కసారే చేస్తున్నా, అదొక లాభం!

రెండో సంవత్సరంలో ఒకసారి బాగా పరువు పోయింది. రిటైరైన మాస్టారు ఒకరు పాత వ్యాకరణం పుస్తకం అడిగారు. వెతికి "ఎక్కడా లేదండి మాస్టారూ" అని చెప్పి పంపేశాను. మర్నాడు ఎందుకో మళ్లీ కొడితే ఒక కేటలాగ్‌లో ఉంది. ముందురోజు ఆ సర్వర్ జవాబే ఇవ్వలేదు, నేను ఆ సంగతి చూసుకోకుండా సున్నా అనుకున్నాను. ఫోన్ చేసి చెప్పాల్సి వచ్చింది. ఆయన ఏమీ అనలేదు, నాకే తల కొట్టేసినట్టయింది. అప్పటినుంచి ఎంతసేపు ఆగాలో చెప్పే టైమ్ లిమిట్ పెంచి, ఎవరు పలికారో ఎవరు పలకలేదో చూశాకే నోరు విప్పుతున్నాను.

మన దేశపు యూనివర్సిటీ లైబ్రరీల కోసం పక్క ట్యాబ్‌లో ఇండ్‌క్యాట్ తెరిచే ఉంచుతాను. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఉమ్మడి కేటలాగ్ అది. పుస్తకం చేతికి రావాలంటే ముందు అక్కడే చూడాలి. జర్మనీలో ఉందని తెలిసి మన పిల్లలు చేసేదేముంది!

కౌంటర్ అద్దం కింద ఒక చీటీ పెట్టాను. బెజవాడ, కడప, విశాఖ, గోదావరి, కృష్ణ పేర్ల పాత ఇంగ్లిష్ స్పెల్లింగులు అందులో రాసి ఉంటాయి. స్కాలర్లు నన్ను అడగడం మానేసి దాన్నే ఫోటో తీసుకుపోతున్నారు. కడపకి 'సి'తో మొదలెట్టి రెండు 'డి'లు రాస్తే ఒకమ్మాయి స్పెల్లింగ్ తప్పు అనుకుని పెన్నుతో కొట్టేసింది. మళ్లీ రాశాను.