కిట్ కారు ఎగ్జాస్ట్: 4-1 పైపులా, 4-2-1 పైపులా? సెన్సార్ ఏది మేలు?

వేరే కారు నుంచి తీసిన ఇంజిన్‌ని కిట్ కారు (భాగాలు తెచ్చుకుని మనమే బిగించుకునే కారు) ఛాసీలో కూర్చోబెట్టగానే చాలాసార్లు ముందు అడ్డం వచ్చేది ఎగ్జాస్టే. పాత మానిఫోల్డ్ (సిలిండర్ల నుంచి పొగని బయటికి తెచ్చే పైపుల గుత్తి) స్టీరింగ్ షాఫ్ట్‌కో, ఛాసీ గొట్టానికో తగులుతుంది. కొత్త పైపులు చేయించక తప్పదు. పైపులు మారితే, పొగలోని ఆక్సిజన్‌ని బట్టి పెట్రోల్ పాళ్లు చెప్పే ఆక్సిజన్ సెన్సార్ ఉండే చోటూ మారుతుంది కాబట్టి రెండిటినీ కలిపే తేల్చుకోవాలి.

నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కి 4-1 అంటే నాలుగు పైపులూ ఒకేచోట కలవడం. దాని సత్తా అంతా పై ఆర్‌పీఎంలో తెలుస్తుంది, ట్రాక్ మీదే తిప్పే బండికి అది బాగుంటుంది. 4-2-1లో ముందు రెండేసి పైపులు కలిసి, ఆ తర్వాత ఒకటవుతాయి. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరస) 1-3-4-2 అయితే 1, 4 ఒక జత. 2, 3 ఇంకో జత. అప్పుడు జతలోని రెండు సిలిండర్ల మధ్య సరిగ్గా 360 డిగ్రీల (క్రాంక్‌షాఫ్ట్ ఒక పూర్తి చుట్టు) ఎడం ఉంటుంది, ఒకదాని పొగ ఇంకోదానికి అడ్డం రాదు. మధ్య ఆర్‌పీఎంలో టార్క్ నిండుగా దొరుకుతుంది. రోడ్డు మీద నడిపే కారుకి నేను 4-2-1 వైపే. చిక్కల్లా చోటుతోనే.

ఇక సెన్సార్. నారోబ్యాండ్ సుమారు 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఊగుతూ, పెట్రోల్ ఎక్కువైందా తక్కువైందా అన్నది మాత్రమే చెబుతుంది. ఎంత అన్నది చెప్పదు. ఫ్యాక్టరీ ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్), క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగని శుభ్రం చేసే డబ్బా) ఉన్నవి ఉన్నట్టే ఉంచితే అది చాలు. ఈసీయూలో ఎప్పుడు ఎంత పెట్రోల్ ఇవ్వాలో చెప్పే పట్టికని, అంటే మ్యాప్‌ని, మారుస్తున్నారంటే మాత్రం ఎంత అన్నది కూడా చెప్పే వైడ్‌బ్యాండ్ ఉండాల్సిందే. ఫుల్ త్రాటిల్‌లో మిశ్రమం (ఒక పాలు పెట్రోల్‌కి బరువులో ఎన్ని పాళ్ల గాలి అన్న అంకె) 14.7 దగ్గర కాదు, 12.5-13 దగ్గర ఉండాలి, అక్కడ నారోబ్యాండ్‌ని నమ్ముకుంటే గుడ్డిగా ట్యూన్ చేసినట్టే. పాత ఈసీయూకి నారోబ్యాండ్ సిగ్నలే కావాలంటే, దాన్ని కూడా పంపగల వైడ్‌బ్యాండ్ కంట్రోలర్లు దొరుకుతాయి.

వైడ్‌బ్యాండ్‌కి కాస్త సేవ ఎక్కువ. బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 మొనని లోపలి హీటర్ దాదాపు 780 డిగ్రీల దాకా వేడెక్కిస్తుంది. కరెంటు ఇవ్వకుండా పైపులో ఊరికే వదిలేసి ఇంజిన్ నడిపితే మసి పట్టి పాడైపోతుంది.

ఏ సెన్సార్ అయినా నాలుగు పైపులూ కలిసిన తర్వాతే పెట్టండి. ఒక్క పైపులో పెడితే ఆ ఒక్క సిలిండర్ సంగతే తెలుస్తుంది. సెన్సార్ మొన కిందికి చూస్తూ, వైరు ఉండే వెనక వైపు అడ్డగీత కంటే కనీసం 10 డిగ్రీలు పైకి ఉండాలి. లేకపోతే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు పైపులో చేరే నీరు వేడి సిరామిక్ మీద పడి పగులుతుంది. దానికి 18 మి.మీ. మర ఉన్న నట్టుని పైపుకి వెల్డింగ్ చేస్తారు. ఆ పని జరిగేటప్పుడు సెన్సార్ పక్కన ఉండాలి, బ్యాటరీ తీసేసి ఉండాలి.

నా కారులో ఒకసారి ఐడిల్‌లో రీడింగ్ 16 దాటింది. పెట్రోల్ తక్కువైందనుకుని మ్యాప్‌లో పెంచుతూ పోయాను. ప్లగ్గు విప్పి చూస్తే నల్లటి పొడి మసి, అంటే పెట్రోల్ ఎక్కువైపోయింది! వెనక పైపులోంచి బ్లోయర్‌తో గాలి కొట్టి, జాయింట్ల మీద సబ్బు నీళ్లు చల్లితే, సెన్సార్‌కి ముందున్న ఫ్లాంజ్ దగ్గర బుడగలు లేచాయి. పొగ విడతలు విడతలుగా వచ్చే మధ్యలో ఆ సందులోంచి బయటి గాలి లోపలికి పోతోంది, సెన్సార్ దాన్నే చూస్తోంది. అలాంటి లీకుకి మామూలు సిలికాన్ పూయకండి, దాని ఆవిరి సెన్సార్‌ని చంపేస్తుంది. గాస్కెట్ మార్చాక మ్యాప్‌ని మళ్లీ పాత అంకెలకే తెచ్చాను.

డబ్బు ఒక్కదానికే ఉంటే, పాత మానిఫోల్డ్ ఎలాగోలా ఇమిడేలా ఉంటే, దాన్నే ఉంచి ముందు వైడ్‌బ్యాండ్ కొనండి. తర్వాత పైపులు మార్చినప్పుడు అదే సెన్సార్ కొత్త వాటిలోకి వెళ్తుంది.