గోలో సొంత ప్యాకేజీ ఇంపోర్ట్: ఒకే మాడ్యూలా, రీప్లేసా, వర్క్‌స్పేసా?

ఈ రెండు నెలల్లో గో అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్న ముగ్గురు నన్ను ఒకే ప్రశ్న అడిగారు. "మెయిన్ ఫైల్ పక్కనే ఫోల్డర్ పెట్టి ఫంక్షన్లు రాసుకున్నాను. ఇంపోర్ట్ చేస్తే దొరకలేదంటోంది. గిట్‌హబ్‌లో పెడితే తప్ప కుదరదా అన్నా?" అని. అక్కర్లేదు. ఆ కోడ్ మీ ల్యాప్‌టాప్ దాటాల్సిన పనే లేదు. దానికి మూడు దారులున్నాయి. గోలో ఒక ఫోల్డర్‌లోని కోడ్ ఒక ప్యాకేజీ, ఒక గో.మాడ్ ఫైల్ కింద ఉన్న ప్యాకేజీలన్నీ కలిసి ఒక మాడ్యూల్. మీ ప్రాజెక్టుకి నిజంగా ఎన్ని గో.మాడ్ ఫైళ్లు కావాలో తేల్చుకుంటే ఏ దారి పట్టాలో తెలిసిపోతుంది.

ముందు ఆ ఎర్రర్ సంగతి చూద్దాం. పైథాన్ అలవాటున్నవాళ్లు పక్క ఫైల్ పేరు నేరుగా రాసేస్తారు. జావాస్క్రిప్ట్ నుంచి వచ్చినవాళ్లు చుక్క, స్లాష్ పెట్టి దారి చూపిస్తారు. గో మాడ్యూల్‌లో రెండూ చెల్లవు. ముందు మాడ్యూల్ పేరు, తర్వాత ఫోల్డర్ పేరు రాయాలి. "గో మాడ్ ఇనిట్ దుకాణం" అనే కమాండ్‌తో మొదలుపెట్టి, లోపల "పన్ను" అనే ఫోల్డర్ పెట్టుకున్నారనుకోండి (పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేయాలి). ఇంపోర్ట్‌లో "దుకాణం/పన్ను" అని ఉండాలి. ఉత్త "పన్ను" అని రాస్తే అది మీ మాడ్యూల్ పేరుతో మొదలవలేదు, అందులో చుక్కా లేదు. దాంతో గో దాన్ని తన స్టాండర్డ్ లైబ్రరీలో వెతికి, "నాట్ ఇన్ ఎస్‌టీడీ" అంటుంది. పాత వెర్షన్లలో "నాట్ ఇన్ గోరూట్" అని వచ్చేది. ఈ ఒక్క ముక్క అర్థమైతే సగం టెన్షన్ పోతుంది.

ఒకే మాడ్యూల్ అంటే ఇదే. పైన ఒక్క గో.మాడ్, కింద ఎన్ని ఫోల్డర్లయినా. పన్ను ఫోల్డర్‌లో ఒక లైన్ మార్చి ప్రోగ్రామ్ నడిపితే మార్పు వెంటనే కనిపిస్తుంది. ఫోల్డర్ మొత్తం జిప్ చేసి స్నేహితుడికి పంపినా అక్కడ అలాగే నడుస్తుంది. మాడ్యూల్‌కి గిట్‌హబ్ అడ్రస్‌లాంటి పేరు పెట్టినా ఫర్వాలేదు, ఆ రిపో (కోడ్ దాచే చోటు) నిజంగా ఉండాల్సిన అవసరం లేదు. ఫంక్షన్ పేరు మాత్రం పెద్ద అక్షరంతో మొదలవ్వాలి, లేకపోతే వేరే ప్యాకేజీకి అది కనిపించదు. మన లిపిలో పెద్ద, చిన్న అక్షరాల తేడా లేదు. పైగా గుణింతపు గుర్తులున్న పేర్లను గో అసలు ఒప్పుకోదు. కోడ్‌లో తెలుగు పేర్లు పెట్టుకోవాలనుకునే నాకు ఇది నిజంగా బాధ కలిగించే విషయం.

రీప్లేస్ అంటే ఒక మాడ్యూల్‌ని మన మెషీన్‌లోని ఫలానా ఫోల్డర్‌లో వెతకమని గో.మాడ్‌లో రాసే లైన్. దాని దగ్గరే చాలామంది ఇరుక్కుంటారు. గో అధికారిక ట్యుటోరియల్‌లో పలకరింపుల ప్యాకేజీని, దాన్ని పిలిచే ప్రోగ్రామ్‌ని రెండు వేర్వేరు మాడ్యూల్స్‌గా చేసి, రీప్లేస్ లైన్‌తో కలుపుతారు. మాడ్యూల్ అంటే ఏమిటో చెప్పడానికి అది మంచి పాఠమే. కానీ కొత్తవాళ్లు దాన్ని చూసి ప్రతి ఫోల్డర్‌కీ ఒక గో.మాడ్ కావాలనుకుంటారు. నేనూ అలాగే మూడు ఫోల్డర్లకి మూడు పెట్టాను. నా దగ్గర బాగానే నడిచింది. వాటిలో ఒక ఫోల్డర్ రిపో మాత్రమే తీసుకున్న నా మిత్రుడి దగ్గర బిల్డ్ ఆగిపోయింది, ఎందుకంటే రీప్లేస్ చూపిస్తున్న పక్క ఫోల్డర్ అతని దగ్గర లేదు. ఇంకో సంగతి, రీప్లేస్ మెయిన్ మాడ్యూల్‌లో, అంటే మీరు బిల్డ్ చేస్తున్న మాడ్యూల్‌లో ఉంటేనే పనిచేస్తుంది. మీ మాడ్యూల్‌ని వేరేవాళ్లు వాడుకుంటే ఆ లైన్‌ని గో పట్టించుకోదు. బయటి లైబ్రరీలో ఒక బగ్ సరిచేసి, ఆ మార్పుని మన ప్రోగ్రామ్‌తో పరీక్షించాలంటే మాత్రం రీప్లేస్ చక్కటి సాధనం.

చాలా మాడ్యూల్స్‌పై ఒకేసారి పనిచేయనిచ్చే వర్క్‌స్పేస్ 2022 మార్చిలో గో 1.18తో వచ్చింది. "గో వర్క్ ఇనిట్" తర్వాత రెండు ఫోల్డర్ల పేర్లు ఇస్తే గో.వర్క్ అనే ఫైల్ వస్తుంది, గో.మాడ్‌ని ముట్టుకోనక్కర్లేదు. ఆ ఫైల్‌ని మామూలుగా గిట్‌లో పెట్టరు, కాబట్టి మన మెషీన్‌లోని దారులు ఎవరికీ అంటవు. నిజంగా రెండు మాడ్యూల్స్‌ని ఒకేసారి మారుస్తున్నప్పుడు నేను రీప్లేస్ కన్నా దీన్నే ఎంచుకుంటాను. కాకపోతే అది ఉందన్న సంగతి మరిచిపోతే, మన దగ్గర నడిచింది సర్వర్‌లో ఎందుకు ఆగిందో తెలీక తికమకపడతాం.

కోడంతా ఒకే నిర్ణీత ఫోల్డర్ కింద పెట్టే గోపాత్ పద్ధతి పాత వీడియోల్లో ఇంకా కనిపిస్తుంది. 2021లో గో 1.16 నుంచి మాడ్యూల్సే డిఫాల్ట్, కాబట్టి గోపాత్‌ని వదిలేయండి.

గత నెల నా పన్ను లెక్కల ప్యాకేజీ రెండో ప్రోగ్రామ్‌కీ కావాల్సి వచ్చింది. వేరే మాడ్యూల్ చేద్దామనుకుని ఆగాను. రెండు ప్రోగ్రాములూ నావే, రెండూ కలిసే మారతాయి. అందుకని అదే మాడ్యూల్‌లో సీఎమ్‌డీ అనే ఫోల్డర్ కింద రెండు ఫోల్డర్లు చేసి, ఒక్కో మెయిన్ ఫైల్ పెట్టాను. ఆ ప్యాకేజీని ఇంకెవరైనా తమ ప్రోగ్రామ్‌లో వాడుకుంటామని అడిగిన రోజున దానికి సొంత గో.మాడ్ ఇస్తాను.