రీకండిషన్డ్ లేత్ కొంటున్నారా? రంగు చూసి డబ్బు కట్టకండి

ఇంట్లో చిన్న వర్క్‌షాప్ కోసం సెకండ్‌హ్యాండ్ లేత్ (లోహపు ముక్కను తిప్పుతూ కోసే మెషిన్) వెతుకుతున్నవాళ్లందరికీ ఈ హెచ్చరిక. "ఫుల్ రీకండిషన్, బెడ్ గ్రైండింగ్ చేయించాం, కొత్తదానికి ఏమాత్రం తీసిపోదు" అని అమ్మేవాటిలో కొన్నిటికి పుట్టీ పెట్టి రంగు కొట్టడం తప్ప ఇంకేమీ చేయడం లేదు. నాకు అంటగట్టింది అలాంటిదే. బెడ్ అంటే మెషిన్ భాగాలు జరిగే పొడవాటి ఇనుప పట్టాలు. వాటి సంగతి నేను ముందే అడిగాను, గ్రైండింగ్ (అరిగిన పైభాగాన్ని సానపట్టి చదును చేయడం) అయిందని ఖచ్చితంగా చెప్పారు. డబ్బు ముట్టి, మెషిన్ ఇంటికొచ్చి, నేను కొలతలు తీసి చూపించాక మాట మారింది: "పాత మెషిన్ కదండీ, ఆ మాత్రం తేడా ఉంటుంది." వెనక్కి తీసుకునేది లేదన్నారు. ఇంకొకరికి ఇలా జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

అమ్మే ముందు వాళ్లు ఒక వీడియో పంపారు. చక్‌లో (ముక్కను పట్టి తిప్పే భాగం) పొట్టి అల్యూమినియం ముక్క బిగించి, చక్‌ను ఆనుకునే చిన్న కట్ తీసి, తళతళలాడే ఫినిష్ చూపించారు. ఇలాంటి వీడియోలు మీకూ వస్తాయి, వాటిని నమ్మకండి. టూల్ పదునుగా ఉంటే అల్యూమినియం మీద ఫినిష్ ఎలాగూ వస్తుంది. అంత తక్కువ దూరంలో ఎంత అరిగిన బెడ్ అయినా బయటపడదు. ఫినిష్ వేరు, సైజు వేరు. ఇంటికి తెచ్చి పొడవాటి ఎం.ఎస్. (మామూలు ఉక్కు) రాడ్ తిప్పితే ఒక చోట ఒక సైజు, నాలుగు వేళ్ల దూరంలో ఇంకో సైజు వచ్చింది.

మీరు చూడటానికి వెళ్లినప్పుడు అక్కడే ఈ పరీక్ష చేయమనండి. 30 నుంచి 40 మి.మీ. మందం ఉన్న రాడ్డును చక్ బయటికి 100, 120 మి.మీ. పొడుచుకొచ్చేలా బిగించాలి. రాడ్డు రెండో కొసను ఆనించే టెయిల్‌స్టాక్ ఆసరా ఇవ్వకూడదు. రెండు చివర్లా రెండు పట్టీలు మిగిలేలా మధ్యలో తగ్గించి, టూల్ సెట్టింగ్ కదపకుండా ఆ రెండు పట్టీల మీద సన్నటి కట్ ఒకటి తీసి, మైక్రోమీటరుతో కొలవాలి. 0.02 మి.మీ. లోపు తేడా అయితే మన ఇంటి పనులకు దిగుల్లేదు. ఒక పదో వంతు మిల్లీమీటరు తేడా వస్తుంటే మాత్రం అక్కడే ఆగి కారణం తేలాక మాట్లాడండి.

ఆ తేడా చూపిస్తే మీకు వినిపించే జవాబు "లెవెల్ చేసుకుంటే పోతుంది" అని. ఇందులో సగం నిజం ఉంది, అందుకే మోసపోతాం. స్టాండు మీద లెవెల్ లేకుండా బిగిస్తే బెడ్ మెలితిరిగి టేపర్ (ఒక చివర లావు, ఇంకో చివర సన్నం) వస్తుంది. కాళ్ల కింద షిమ్ములు (పలుచటి రేకు ముక్కలు) పెట్టి సరిచేస్తే అది నిజంగానే పోతుంది. అరుగుదల మాత్రం ఏ లెవెల్‌కీ లొంగదు. ఎందుకంటే పనంతా చక్ దగ్గరే జరుగుతుంది కాబట్టి బెడ్ అక్కడే ఎక్కువ అరుగుతుంది, టెయిల్‌స్టాక్ చివర దాదాపు అలాగే ఉంటుంది.

ఈ రెండిటినీ విడదీసే పద్ధతి ఒకటుంది, దీనికి ఒక్క స్పానర్ చాలు. టూల్‌ను మోస్తూ బెడ్ మీద జరిగే క్యారేజ్‌ను చక్ దగ్గరికి తెచ్చి, బెడ్ అడుగు అంచును పట్టుకునే కీపర్ ప్లేట్ల స్క్రూలను లూజు పోయేదాకా, అయినా చేత్తో జరిగేలా బిగించండి. ఇప్పుడు హ్యాండ్ వీల్‌తో టెయిల్‌స్టాక్ వైపు నడపండి. మంచి బెడ్ మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే బిగువు ఉంటుంది. అరిగిన బెడ్ మీద కొంత దూరం వెళ్లి పట్టేస్తుంది. నా మెషిన్‌లో క్యారేజ్ సగం కూడా దాటలేదు. ఆ తర్వాత ఎంత బలంగా తిప్పినా కదల్లేదు.

బెడ్ మీద నెలవంకల్లాంటి గీతలు వరసగా ఉంటే "హ్యాండ్ స్క్రేపింగ్" అని గొప్పగా చెబుతారు. అసలు స్క్రేపింగ్ అంటే స్ట్రెయిట్ ఎడ్జ్‌కు (వంపు లేని తిన్నటి పట్టీ) ప్రష్యన్ బ్లూ రంగు పూసి, బెడ్ మీద రుద్ది, రంగు అంటిన ఎత్తులను మళ్లీ మళ్లీ గీకి, ఆ చుక్కలు ఉపరితలమంతా సమంగా పడేదాకా చేసే ఓపికైన పని. అదేమీ లేకుండా అరిగిన బెడ్ మీద ఊరికే ఆ గుర్తులు కొట్టేయడం పెద్ద కష్టం కాదు. క్యారేజ్ ఎప్పుడూ చేరని చోటి నుంచి రోజూ తిరిగే చోటికి వేలి గోరు అడ్డంగా లాగండి. మెట్టు తగిలిందంటే అరిగినట్టే. నా దానిలో ఆ మెట్టు కూడా తగల్లేదు, ఎమరీ డిస్కుతో రాసేశారు. దగ్గరగా టార్చి వేసి చూస్తే ఆ నెలవంక గీతల కింద డిస్కు తిరిగిన వంపు చారలు కనిపించాయి.

రంగు విషయానికొస్తే, ఒక చిన్న అయస్కాంతం జేబులో పెట్టుకెళ్లండి. పోత ఇనుము మీద గట్టిగా అతుక్కునేది, మందంగా పుట్టీ ఉన్న చోట వదులుగా జారుతుంది. అలా జారిన చోట నేను థిన్నర్ గుడ్డతో రుద్దితే పుట్టీ ఊడి, బెడ్ కాలి దగ్గర అడ్డంగా పసుపు రంగు బ్రేజింగ్ (ఇత్తడి అతుకు) గీత బయటపడింది. ఎప్పుడో పగిలిన కాలిని అతికి, నున్నగా పుట్టీ పూసి రంగేశారు. పైన పటారం, లోన లొటారం.

చక్‌ను తిప్పే గేర్లుండే హెడ్‌స్టాక్ చప్పుడు తగ్గించడానికి నూనెలో చిక్కటి గ్రీజు కలపడం ఇంకో పద్ధతి. మూత తీసి నూనె వేలితో తాకి చూడండి. మెయిన్ ఆపేసి, బ్యాక్ గేర్ (నెమ్మదిగా తిప్పే గేరు) వేసి, గేర్ల పళ్లన్నీ చేత్తో తిప్పి చూడండి. స్పిండిల్ (చక్ బిగించే ఇరుసు) ముక్కు మీద డయల్ గేజ్ (సన్నటి కదలికను కొలిచేది) పెట్టి, కర్ర చక్ కింద దూర్చి మెల్లగా పైకెత్తండి. మిల్లీమీటరులో వందో వంతులు ఒకటి రెండు కదిలితే పర్వాలేదు, ఐదు దాటితే బేరింగ్ సర్దితే సరిపోతుందా, మార్చాలా అన్నది అప్పుడే తేల్చుకోవాలి. తర్వాత ఎక్కువ స్పీడులో ఒక ఇరవై నిమిషాలు తిప్పించి హెడ్‌స్టాక్ మీద అరచెయ్యి పెట్టండి. ఉంచలేనంత వేడిగా ఉంటే వద్దనండి.

క్రాస్ స్లైడ్ బ్యాక్‌లాష్ (టూల్‌ను అడ్డంగా జరిపే స్క్రూలోని లూజు), చక్ జాలు, బెల్టు, పాత టూల్ పోస్టు, వీటి గురించి టెన్షన్ పడకండి. ఇవి మార్చుకునేవే. చేంజ్ గేర్లు (త్రెడ్ కొలతను బట్టి మార్చి వేసేవి) మాత్రం లెక్కపెట్టండి. మెట్రిక్ లీడ్ స్క్రూ (త్రెడ్ తీసేటప్పుడు క్యారేజ్‌ను నడిపే పొడవాటి స్క్రూ) మీద అంగుళాల త్రెడ్ ఖచ్చితంగా తీయాలంటే 127 పళ్ల గేరు కావాలి. సెట్‌లో తరచూ కనిపించకుండా పోయేది అదే.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది స్విచ్. అసలు స్టార్టర్ తీసేసి మామూలు ఆన్-ఆఫ్ స్విచ్ పెట్టారు. కరెంటు పోయి తిరిగి వస్తే మెషిన్ దానంతట అదే తిరగడం మొదలుపెడుతుంది. మీరు చక్ మీద చెయ్యి వేసి ఉన్నారనుకోండి, లేదా చక్ కీ అందులోనే ఉందనుకోండి! కరెంటు పోగానే తెగిపోయి, మళ్లీ బటన్ నొక్కితేనే తిరిగే నో-వోల్ట్ స్టార్టర్ లేకుండా ఏ లేతూ నడపకండి. పరీక్షించడం తేలికే. చక్ ఖాళీగా పెట్టి, కీ తీసేసి, మెషిన్ తిరుగుతుండగా దూరంగా నిలబడి మెయిన్ ఆపించి, మళ్లీ వేయించండి.

బెడ్ గ్రైండింగ్ చేశామన్నవాళ్లను ఈ ఒక్క ప్రశ్న అడగండి: "గ్రైండ్ చేశాక క్యారేజ్ కిందికి దిగి ఉంటుంది కదా, లీడ్ స్క్రూతో ఆప్రాన్ (క్యారేజ్ ముందు భాగం) లైన్ ఎలా కలిపారు?" నిజంగా చేసినవాళ్లు సాడిల్ (క్యారేజ్‌లో బెడ్ మీద కూర్చునే భాగం) కింద టర్సైట్ (ప్లాస్టిక్ పొర) వేశామనో, లీడ్ స్క్రూ బ్రాకెట్లు దించామనో టక్కున చెబుతారు, గ్రైండింగ్ బిల్లు కూడా తీసి చూపిస్తారు. నాకు అమ్మినవాళ్లను ఈ మాట తర్వాత ఫోన్‌లో అడిగాను. జవాబు చెప్పకుండా పెట్టేశారు. బెడ్ గురించి చెప్పే ప్రతి మాటనూ అడ్వాన్స్ ఇచ్చే ముందే బిల్లు మీద రాయించుకోండి, రాయనంటే మెషిన్ ఎంత బాగున్నా వదిలేయండి.