గ్రేట్ సర్కిల్ మ్యాపర్: దూరం కచ్చితం, గంటలు మనమే లెక్కేసుకోవాలి

శంషాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి నేరు దూరం సుమారు 13,540 కిలోమీటర్లు. గ్రేట్ సర్కిల్ మ్యాపర్ చెప్పే లెక్క ఇది; విమానాశ్రయాల మధ్య దూరం లెక్కగట్టి, దారిని మ్యాప్ మీద గీసి చూపించే వెబ్‌సైట్. ఏళ్ల తరబడి వాడుతున్నా, దూరం విషయంలో ఈ సైట్‌ని తప్పుపట్టే అవసరం రాలేదు. సైట్ మొదట మైళ్లలో చూపిస్తుంది, కిలోమీటర్లకు మార్చుకోండి. మామూలు మైలు 1.609 కి.మీ., నాటికల్ మైలు 1.852. ఒకదాన్ని ఇంకోటి అనుకుంటే లెక్క పూర్తిగా దెబ్బతింటుంది.

మ్యాప్ మీద ఆ గీత చూడండి: నేపాల్, టిబెట్, మంగోలియా, సైబీరియా మీదుగా ఆర్కిటిక్ అంచు దాకా ఎక్కి, అలాస్కా మీదుగా దిగుతుంది. గోళం మీద దగ్గరి దారి అదే. కానీ విమానం ఆ గీత మీదే వెళ్తుందనుకోవద్దు. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతే వెంటనే 10,000 అడుగులకు దిగాలి. టిబెట్‌లో నేలే సగటున 4,500 మీటర్లు, అంటే 14,700 అడుగుల పైమాట! అందుకే ఆ పీఠభూమిని వీలైనంత తప్పిస్తారు. దానికి తోడు గగనతల నిషేధాలు: 2022 నుంచి అమెరికా, యూరప్ విమానాలకు రష్యా మీద దారి లేదు.

మన వాళ్లు చాలామంది ఎలాగూ మధ్యలో మారే వెళ్తారు కాబట్టి మూడు విమానాశ్రయాల కోడ్‌లూ (ఒక్కోదానికి ఉండే మూడు ఇంగ్లిష్ అక్షరాల గుర్తు) కలిపి కొట్టండి. దుబాయ్ మీదుగా అయితే 2,550, 13,040 కలిపి దాదాపు 15,600. నేరు దూరం కన్నా రెండు వేల కిలోమీటర్లు ఎక్కువ.

ఇక టైము. వేగం మీరిస్తే దూరాన్ని దానితో భాగిస్తుంది, అంతే. గాలి సంగతి, రన్‌వే దాకా పాకే సంగతి అందులో ఉండవు. గంటకు 900 వేస్తే దుబాయ్–శాన్‌ఫ్రాన్సిస్కో పద్నాలుగున్నర గంటలొస్తుంది. టికెట్‌లో మాత్రం పదహారుకి దగ్గరగా ఉంటుంది. 850 వేసి, అరగంట కలపండి, సరిపోతుంది. చిన్న దూరాలకు ఈ సూత్రం అంత బాగా పనిచేయదు: హైదరాబాద్ నుంచి దుబాయ్ వెళ్లేటప్పుడు నాలుగు గంటల దాకా పడుతుంది, వచ్చేటప్పుడు మూడున్నర లోపే. పడమటి నుంచి వీచే పైగాలి వెళ్లేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు తోడు.

టికెట్ మీద హైదరాబాద్‌లో ఉదయం 10కి బయల్దేరి అదే రోజు రాత్రి 8కి శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగినట్టు ఉంటే పది గంటలు కాదు. ఏ ఊరి టైము ఆ ఊరిదే, అక్కడి గడియారం మనకన్నా వెనక ఉంటుంది. డిసెంబరులో ఆ తేడా పదమూడున్నర గంటలు కలపాలి, మొత్తం ఇరవై మూడున్నర. జులైలో పన్నెండున్నర చాలు, ఎందుకంటే మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా అక్కడ గడియారం గంట ముందుంటుంది.

కోడ్‌లు జాగ్రత్త. కాలిఫోర్నియా శాన్‌హోసే ఎస్‌జేసీ. ఎస్‌జేఓ కొడితే కోస్టారికా రాజధానికి గీత గీస్తుంది. ఊరి పేరు ఒకటే కదా అని దూరం చూడకుండా ముందుకెళ్లిపోకండి.