సిబ్బంది లేని షిమోనాదా స్టేషన్: వెళ్లాలా, వెళ్తే ఎలా?

జపాన్ టూర్ అంటే మనవాళ్లకి టోక్యో, క్యోటో, ఒసాకా. టైం మిగిలితే హిరోషిమా. షికోకు దీవి దాకా వచ్చేవాళ్లు చాలా తక్కువ. అక్కడ ఎహిమే ప్రిఫెక్చర్‌లో, సముద్రానికి ఎదురుగా షిమోనాదా అనే చిన్న స్టేషన్ ఉంది. స్టేషన్ మాస్టర్ లేడు, టికెట్ కౌంటర్ లేదు, గేటు లేదు. చెక్కతో కట్టిన ఒక గది, ఒకే ప్లాట్‌ఫాం, దాని మీద చిన్న రేకుల కప్పు, కింద బెంచీలు. అంతే. మా ఆవిడ దిగీ దిగగానే "ఇంత దూరం ఈ బెంచీల కోసమా?" అంది. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది.

స్టేషన్ 1935లో మొదలైంది. అప్పట్లో అలలు దాదాపు ప్లాట్‌ఫాం కిందకే వచ్చేవి. జపాన్‌లో సముద్రానికి అతి దగ్గరి స్టేషన్‌గా దీనికి పేరుండేది. తర్వాత తీరాన్ని పూడ్చి 378 నంబర్ జాతీయ రహదారి వేశారు. ఇప్పుడు ప్లాట్‌ఫాం మీద నిలబడి కిందకి చూస్తే కార్లు కనిపిస్తాయి. ఫోటోల్లో ఆ రోడ్డు పడదు, ఎందుకంటే అందరూ కెమెరాని కాస్త పైకి పెట్టి తీస్తారు. బెంచీ మీద కూర్చుంటే మనకీ కనిపించదు, నీళ్లే కనిపిస్తాయి. కాబట్టి ఫోటోలు మోసం అని అనలేను.

సిబ్బందిని ఎందుకు తీసేశారో తెలిస్తే ఈ చోటు ఇంకాస్త అర్థమవుతుంది. 1986లో ఉచికో మీదుగా కొండల్లోంచి కొత్త దగ్గరి దారి తెరిచారు. ఎక్స్‌ప్రెస్ రైళ్లన్నీ అటు మళ్లాయి. తీరం వెంట వెళ్లే పాత లైన్‌కి ప్యాసింజర్లే మిగిలాయి. షిమోనాదా స్టేషన్‌లో సిబ్బంది లేకుండా పోయిందీ అదే ఏడాది. ఆ తర్వాత 'సేయిషున్ 18' అనే చవక రైలు టికెట్ పోస్టర్ల మీద ఈ ప్లాట్‌ఫాం పదే పదే కనిపించి దేశమంతా తెలిసిపోయింది. ఎక్స్‌ప్రెస్‌లు వదిలేసిన స్టేషన్‌కి ఇప్పుడు జనం పని గట్టుకుని వస్తున్నారు.

మేం ఒకయామా నుంచి షియోకజే ఎక్స్‌ప్రెస్‌లో ఎహిమే ముఖ్యపట్టణం మత్సుయామా చేరాం. మూడు గంటలలోపే పడుతుంది, దారిలో సేతో మహా వంతెన మీదుగా సముద్రం దాటుతాం. మత్సుయామా నుంచి షిమోనాదాకి లోకల్‌లో సుమారు గంట. ఇక్కడ ఒక్క జాగ్రత్త: ఓజు అనే ఊరి వైపు వెళ్లే రైళ్లు రెండు దారుల్లో వెళ్తాయి. ఉచికో మీదుగా వెళ్లేది ఎక్కితే సముద్రమూ కనిపించదు, షిమోనాదా కూడా రాదు. నగహామా మీదుగా వెళ్లేదే ఎక్కాలి. మత్సుయామా స్టేషన్‌లో అడిగితే చెప్తారు.

రైలంటే చాలాసార్లు ఒకే ఒక్క డీజిల్ పెట్టె. డ్రైవరే గార్డు, డ్రైవరే కండక్టర్. వెనక తలుపు నుంచి ఎక్కి, మెషిన్ నుంచి నంబరు చీటీ తీసుకోవాలి. ముందు బోర్డు మీద మన నంబరు కింద చార్జీ పెరుగుతూ పోతుంది. దిగేటప్పుడు డ్రైవర్ పక్కనున్న డబ్బాలో సరిగ్గా ఆ చిల్లర వేసి ముందు తలుపు నుంచి దిగాలి. వెయ్యి యెన్ నోటుకి అక్కడే చిల్లర వస్తుంది, పది వేల నోటుకి రాదు. టోక్యోలో గేటుకి తాకించే రైలు కార్డు ఈ లైన్‌లో పనిచేయదు. మన దగ్గర హాల్ట్ స్టేషన్లలో కమీషన్ మీద ఎవరో ఒకరు టికెట్లు అమ్ముతారు కదా, ఇక్కడ ఆ మనిషి కూడా లేడు. ఆల్ షికోకు రైల్ పాస్ ఉంటే ఈ చిల్లర టెన్షన్ ఉండదు. డ్రైవర్‌కి చూపించి దిగిపోవడమే. దీవిలో మూడు రోజులు ఉండేటట్టయితే ఆ పాసే మేలు.

సూర్యాస్తమయానికే వెళ్లాలని అందరూ చెప్తారు. నేను చెప్పను. సాయంత్రం కార్లలో వచ్చేవాళ్లు, ట్రైపాడ్‌లు, బెంచీ కోసం క్యూ. పెళ్లి బట్టల్లో ఫోటో షూట్ చేసుకుంటున్న జంట కూడా కనిపించింది. పైగా జూన్‌లో అయితే ఏడు దాటాక గానీ సూర్యుడు దిగడు, ఆ తర్వాత వెనక్కి వెళ్లే రైలు కోసం చీకట్లో కూర్చోవాలి. మామూలు రోజు మధ్యాహ్నం వెళ్లండి. అందరిలాగే మేమూ సాయంత్రం కూడా చూశాం, బాగుంది, కాదనను. కానీ మధ్యాహ్నం మాతోపాటు దిగిన నలుగురైదుగురూ తర్వాతి రైలెక్కి వెళ్లిపోయాక, స్టేషన్ పూర్తిగా మా ఇద్దరిదే అయింది. టాయిలెట్ ఉంది, శుభ్రంగా ఉంది. మనుషుల్ని తీసేసిన స్టేషన్ పాడుబడి ఉంటుందనుకుంటాం గానీ, ఇక్కడ చెత్త అనేది కనపడలేదు.

ఇదే లైన్‌లో ఎక్కువగా శని, ఆదివారాల్లో 'ఇయోనాదా మోనోగతారి' అనే టూరిస్టు రైలు నడుస్తుంది. 2014లో మొదలైంది, 2022లో కొత్త పెట్టెలు వచ్చాయి. షిమోనాదాలో కాసేపు ఆపి అందరినీ దింపుతారు. దారిలో ఊళ్లవాళ్లు బయటికొచ్చి చేతులూపుతారు, గొరో అనే స్టేషన్‌లో అయితే తనుకి (కుక్క జాతి అడవి జంతువు) వేషం వేసుకుని మరీ ఊపుతారు. ముచ్చటే. కానీ సీటు ముందే బుక్ చేసుకోవాలి, భోజనం విడిగా బుక్ చేసుకోవాలి, షిమోనాదాలో ఫోటో తీసుకునేలోపే మళ్లీ ఎక్కమంటారు. డబ్బు పెట్టగలిగితే వెళ్లేటప్పుడు అందులో, వచ్చేటప్పుడు లోకల్‌లో రావచ్చు. ఒక్కటే ఎంచుకోవాలంటే నా ఓటు లోకల్‌కే. స్కూలు పిల్లలు, కూరగాయల సంచీతో ఒక బామ్మగారు ఎక్కి దిగుతుంటే, ఇది ఇంకా ఎవరికో అవసరమైన రైలని తెలుస్తుంది.

శాకాహారులకి ఒక మాట. ఇక్కడి పేరున్న తిండి అంతా చేపే: జాకోతెన్ చేప వడ, తాయ్‌మెషి చేప అన్నం. ఉడోన్ రసంలోనూ చేపే ఉంటుంది. మత్సుయామాలో కన్వీనియెన్స్ స్టోర్ నుంచి ఉప్పులో ఊరవేసిన ఉమె పండు పెట్టిన అన్నం ముద్దలు, పండ్లు కట్టించుకుని బయల్దేరండి. ఎహిమే కమలాలకి పేరు, సీజన్లో అవి మాత్రం వదలొద్దు.

బసకి మత్సుయామానే నయం. మాకు స్టేషన్ దగ్గర దొరికిన హోటల్ గదిలో రెండు సూట్‌కేసులు ఒకేసారి తెరవడానికి చోటు లేదు. మళ్లీ వెళ్తే ట్రామ్ మీద దోగో ఒన్‌సేన్ (వేడినీటి బుగ్గ) వైపు వెళ్లి దిగుతాను. 1894లో కట్టిన స్నానశాల భవనం మరమ్మతులు పూర్తయి 2024లో మళ్లీ పూర్తిగా తెరుచుకుంది, రాత్రి భోజనం అయ్యాక నడిచి వెళ్లొచ్చు. జేఆర్ (జపాన్ రైల్వేస్) మత్సుయామా స్టేషన్, మత్సుయామా సిటీ స్టేషన్ రెండూ వేరు, హోటల్ బుక్ చేసేటప్పుడు చూసుకోండి. కోట, పాత వీధులు ఇష్టమైతే ఓజులో ఒక రాత్రి ఉండొచ్చు, మేం ఉండలేదు.

షిమోనాదాలో దిగగానే తిరుగు రైళ్ల టైమ్‌టేబుల్‌ని ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. ఒకటి తప్పితే తర్వాతిదానికి గంటలు పట్టొచ్చు, టాక్సీలు ఎదురుచూస్తూ ఉండే ఊరు కాదు.